టూల్‌బారు జరిగిందా? కారణం వెతకండి!

మీ బడిలో కంప్యూటరు పిరియడు వచ్చిందనుకోండి. ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరో ముగ్గురో కూర్చున్నారు. తెలుగులో ఒక సెలవు చీటీ టైపు చేసి, దాని శీర్షికను లావుపాటి అక్షరాల్లోకి మార్చాలి. నిన్న ఆ పని చేసే బటను తెర పైభాగాన, ఎడమ నుంచి మూడోది. ఇవాళ చూస్తే అక్కడ లేదు! బటన్ల వరస మొత్తం కుడి అంచుకు పోయి, నిలువుగా నిలబడి ఉంది. అప్పుడు గదిలో మొదట వినిపించే మాట ఏమిటో మీకు తెలుసు. "ఎవరు పాడుచేశారు దీన్ని?"

వెంటనే ముందు పిరియడులో వచ్చిన తరగతి మీద నేరం పడుతుంది. వాళ్లు కాదంటారు. మౌసు పట్టుకున్న పిల్లవాడు భయపడతాడు. రేపటి నుంచి అతను టీచరు చూపించిన బటను తప్ప మరొకటి ముట్టుకోడు. అరగంట పిరియడులో పావుగంట ఇలా గడిచిపోతుంది. సెలవు చీటీ మాత్రం పూర్తికాదు.

నా అభిప్రాయంలో ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "ఇది ఎందుకు జరిగింది?" అని అడగాలి. కారణం తెలిస్తే పట్టీని రెండు నిమిషాల్లో వెనక్కి తేవచ్చు. అంతకంటే ముఖ్యం, తరువాతిసారి మీరే తేగలరు.

చోటు ఎందుకంత ముఖ్యం?

టూల్‌బారు అంటే పనిముట్ల పట్టీ. వడ్రంగి తన ఉలి, సుత్తి, రంపం చేతికి అందేటట్టు పెట్టుకున్నట్టే, అక్షరాలు దిద్దే ప్రోగ్రాములో తరచుగా వాడే ఆజ్ఞలను బటన్లుగా ఒక వరసలో పెడతారు. ఏ పనిముట్టు ఎక్కడుందో తెలిసి ఉంటే పని వేగంగా సాగుతుంది.

దీనికి మన విజయవాడలోనే మంచి ఉదాహరణ ఉంది. ఇది పత్రికలూ పుస్తకాలూ అచ్చయ్యే ఊరు. 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రిక ఇక్కడే మొదలైంది. ఆ రోజుల్లో అచ్చు అక్షరాలు సీసంతో చేసినవి. చేతితో అక్షరాలు పేర్చే కంపోజిటరు ముందు గళ్లు గళ్లుగా ఉన్న చెక్క కేసులు ఉండేవి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. మన తెలుగుకు గుణింతాలూ ఒత్తులూ ఉన్నాయి కనుక గళ్లు చాలా ఎక్కువ కావలసివచ్చేవి. అనుభవం ఉన్న కంపోజిటరు కళ్లు రాతప్రతి మీద ఉంటే, చేయి దానంతట అది కావలసిన గడిలోకి వెళ్లేది. పని అయ్యాక అక్షరాలను తిరిగి వాటి వాటి గళ్లలో సర్దేవారు. ఆ సర్దడంలో పొరపాటు జరిగితే, మర్నాడు అచ్చులో తప్పు దొర్లేది. అంటే చోటును మనిషి తలతోపాటు చేయి కూడా గుర్తుపెట్టుకుంటుంది అన్నమాట.

1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి దగ్గరి విషయం ఒకటి ప్రయోగాలతో కొలిచాడు. మన చేయి ఒక గురిని చేరడానికి పట్టే కాలం రెండింటి మీద ఆధారపడుతుంది. గురి దూరమయ్యేకొద్దీ కాలం పెరుగుతుంది. గురి చిన్నదయ్యేకొద్దీ కూడా పెరుగుతుంది. దూరమూ వెడల్పూ రెండూ రెట్టింపైతే కాలం ఇంచుమించు మారదు. ఈ సూత్రం గురి ఎక్కడుందో ముందే తెలిసినప్పటి మాట. చోటే మారిపోతే, చేయి కదలకముందే కళ్లు తెరంతా గాలించాలి. ఆ గాలింపుకు పట్టే కాలం దీనికి అదనం. పట్టీ జరిగినప్పుడు మనకు కలిగే చిరాకు వెనుక ఉన్న కారణం ఇదే.

మరైతే కదిలేటట్టు ఎందుకు చేశారు?

మంచి ప్రశ్న. కీబోర్డు మీద అక్షరాలు 1870ల నాటి టైపురైటరు వరసలోనే ఇంచుమించు ఇప్పటికీ ఉన్నాయి. మరి టూల్‌బారును ఎందుకు అలా బిగించలేదు?

ఎందుకంటే అందరి పనీ ఒకటి కాదు. ప్రశ్నపత్రం టైపు చేసేవారికి గణిత చిహ్నాలు దగ్గరగా కావాలి. పెళ్లి శుభలేఖ తయారుచేసేవారికి రంగులూ బొమ్మలూ కావాలి. మరొకటి గమనించండి. మనం రాసే ఏ-4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అంటే నిలువు కాగితం. మన ముందున్న తెర మాత్రం అడ్డంగా వెడల్పైనది. పట్టీలన్నీ పైన పేరిస్తే, అసలే తక్కువైన నిలువు చోటు ఇంకా తగ్గిపోతుంది. పట్టీని పక్కకు పెడితే మరో రెండు మూడు పంక్తులు కనిపిస్తాయి. అందుకని కుడి అంచున నిలబడిన పట్టీ తప్పనిసరిగా తప్పు కాదు. తెలిసి పెట్టారా, తెలియక పోయిందా అన్నదే తేడా.

జరగడానికి కారణాలు

చాలామంది "వైరస్ వచ్చింది" అనేస్తారు. ముందు మామూలు కారణాలు చూద్దాం.

మొదటిది, చేయి తగలడం. లిబ్రాఫీసులోగాని, పాత వర్డ్ 2003లోగాని పట్టీ ఎడమ కొసన చిన్న చుక్కల గీత ఉంటుంది. అది పట్టీకి పిడి. మౌసు మీట నొక్కి ఉంచి ఆ పిడిని లాగితే పట్టీ మొత్తం కదిలి వస్తుంది. తొందరలో బటను అనుకుని పిడిని పట్టుకోవడం సులభం.

రెండోది, చోటు చాలకపోవడం. విండో ఇరుకైతే, చివరి బటన్లు కనబడకుండా పోతాయి. వాటి బదులు పట్టీ కొసన రెండు బాణం గుర్తులు వస్తాయి. వాటిని నొక్కితే దాక్కున్న బటన్లు బయటపడతాయి. తరగతి గదిలో ప్రొజెక్టరు తగిలించినప్పుడు తెర కొలతలు మారి ఇదే జరగవచ్చు.

మూడోది, సందర్భం. మీ కర్సరు ఒక పట్టికలోకి వెళ్లగానే లిబ్రాఫీసులో పట్టికకు సంబంధించిన టూల్‌బారు తనంతట తాను వస్తుంది. బయటికి రాగానే పోతుంది. బొమ్మను ఎంచుకున్నా అంతే. ఇది లోపం కాదు. ప్రోగ్రాము మీకు సాయం చేయబోతోంది.

నాలుగోది, ప్రోగ్రాము అతితెలివి. వర్డ్ 2000లో ఒక విచిత్రమైన ఏర్పాటు వచ్చింది. మీరు తరచుగా వాడే ఆజ్ఞలనే మెనూ ముందు చూపేది. వాడనివి దాచేది. రెండు ముఖ్యమైన టూల్‌బార్లను ఒకే వరసలో ఇరికించి, తక్కువగా వాడే బటన్లను పక్కకు నెట్టేది. తయారుచేసినవారి ఉద్దేశం మంచిదే. కాని నిన్న ఉన్నది ఇవాళ లేకపోతే మనిషి చేయి ఎలా అలవాటు పడుతుంది? 2007లో వర్డ్ ఆ పద్ధతిని వదిలేసి, "రిబ్బన్" అనే వెడల్పాటి పట్టీని తెచ్చింది. యంత్రం మనిషికి తెలియకుండా చోట్లు మార్చకూడదన్న పాఠం ఇందులో ఉందని నేను అనుకుంటాను.

అయిదోది, జ్ఞాపకం నిలవకపోవడం. మీరు పట్టీలను ఎలా అమర్చుకున్నారో ప్రోగ్రాము ఒక ఫైలులో రాసి పెట్టుకుంటుంది. వర్డ్ 2003 ఇలాంటి అమరికలను "నార్మల్" అనే మూసఫైలులో దాచేది. చాలా ప్రోగ్రాములు ఈ రాయడాన్ని మూసేటప్పుడే చేస్తాయి. గాలివానకు కరెంటు పోయి యంత్రం ఠక్కున ఆగిపోతే? రాయవలసింది రాయలేదు. తిరిగి తెరిస్తే పాత అమరికే కనిపిస్తుంది. ఆ ఫైలు చెడిపోతే పట్టీలు అస్తవ్యస్తంగా రావచ్చు కూడా.

బడిలో ఇంకో సంగతి ఉంది. అందరూ ఒకే లాగిన్ వాడితే అందరికీ ఒకటే అమరికల ఫైలు. ఎనిమిదో తరగతి జరిపిన పట్టీ తొమ్మిదో తరగతికి జరిగే కనిపిస్తుంది. ఇందులో పాడుచేసినవారు ఎవరూ లేరు.

కాలువ నేర్పే పద్ధతి

ఇన్ని కారణాల్లో మన కారణం ఏదో ఎలా పట్టుకోవాలి? ఒక్కొక్కటే గుడ్డిగా మార్చి చూస్తే పిరియడు అయిపోతుంది. మన కాలువల మీద జరిగే వెతుకులాటను గుర్తుకు తెచ్చుకోండి.

విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో తెగింది. తరువాత కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. అక్కడి నుంచి బయలుదేరిన నీరు కాలువల్లోకి, వాటి నుంచి పిల్ల కాలువల్లోకి, చివరికి పొలం బోదెలోకి చేరుతుంది. చివరి పొలానికి నీరు రాలేదనుకోండి. రైతు వెంటనే బ్యారేజీ దగ్గరికి పరుగెత్తడు. కాలువను చూసుకునే లస్కరుతో కలిసి, నీరు ఎక్కడి దాకా వచ్చిందో చూస్తాడు. ఇక్కడ ఉంది, అక్కడ లేదు అంటే, అడ్డు ఆ రెండింటి నడుమే!

దీన్ని లెక్కగా చూద్దాం. కాలువను 16 భాగాలు చేశామనుకోండి. అడ్డు ఏదో ఒక భాగంలో ఉంది. ఒక్కొక్క భాగమే చూసుకుంటూ పోతే 15 సార్లు చూడవలసిరావచ్చు. అలా కాక ముందు నడిమధ్య చూడండి. అక్కడికి నీరు వచ్చిందంటే అడ్డు కింది 8 భాగాల్లో ఉన్నట్టే. మళ్లీ వాటి మధ్య చూడండి. 16, 8, 4, 2, 1. నాలుగే చూపులతో పని అయిపోయింది.

టూల్‌బారుకు కూడా ఇలా సగానికి సగం తీసేసే ప్రశ్నలు ఉన్నాయి.

1. మరో ప్రోగ్రాము తెరిచి చూడండి. అక్కడ కూడా బటన్లు పెద్దవిగానో ఇరుకుగానో ఉంటే, తెర కొలతల్లో తేడా వచ్చింది. అక్షరాల ప్రోగ్రామును అనుమానించనక్కరలేదు.

2. అదే ప్రోగ్రాములో ఒక ఖాళీ పత్రం తెరవండి. ఖాళీ పత్రంలో అంతా సరిగా ఉంటే, కారణం ఆ పాత పత్రంలోనో, అందులో కర్సరు ఉన్న చోటులోనో ఉంది.

3. మరో లాగిన్‌తో తెరవండి. అక్కడ సరిగా ఉంటే, మీ లాగిన్ అమరికల ఫైలులోనే సంగతి ఉంది.

4. ప్రోగ్రామును మామూలుగా మూసి మళ్లీ తెరవండి. మీరు సరిచేసింది నిలవకపోతే, జ్ఞాపకం రాయడంలో ఇబ్బంది ఉంది. ఆ లాగిన్‌కు అమరికలు దాచుకునే అనుమతి లేకపోవచ్చు.

ఒక నియమం తప్పకుండా పాటించాలి సుమా! ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మూడు కలిపి మార్చి, పట్టీ సరిగా వచ్చినా, దేనివల్ల వచ్చిందో మీకు తెలియదు. ప్రయోగశాలలో మీరు పాటించే నియమం కూడా ఇదే కదా.

వెనక్కి తేవడం ఎలా?

పట్టీ విడిపోయి తెర మధ్య తేలుతుంటే, దాని శీర్షిక భాగాన్ని పట్టుకుని పై అంచుకు లాగండి. అంటుకుంటుంది. పట్టీ అసలు కనబడకపోతే "వ్యూ" మెనూలో "టూల్‌బార్స్" అన్నచోట పేర్ల జాబితా ఉంటుంది. కావలసిన పేరు పక్కన టిక్కు పెట్టండి. సరైన చోటికి వచ్చాక, లిబ్రాఫీసులో పట్టీ మీద కుడి మీట నొక్కితే "లాక్ టూల్‌బార్ పొజిషన్" అని వస్తుంది. దాన్ని ఎంచుకుంటే పట్టీ ఇక చేయి తగిలి జరగదు.

కొత్త వర్డ్‌లో రిబ్బన్ మొత్తం మాయమైతే, కంట్రోల్ మీట పట్టి ఎఫ్-1 నొక్కండి. తిరిగి వస్తుంది. రిబ్బన్ పేర్ల మీద ఒకటి వెంట ఒకటి రెండు నొక్కులు పడితే అది ముడుచుకుంటుంది. మళ్లీ రెండు నొక్కితే విచ్చుకుంటుంది. ఎంత చిన్న సంగతి!

ఏదీ పనిచేయకపోతే ఆఖరి మార్గం. లిబ్రాఫీసు "హెల్ప్" మెనూలో ప్రోగ్రామును సేఫ్ మోడులో తిరిగి తెరిచే ఆజ్ఞ ఉంది. అక్కడ మొదటి స్థితికి తెచ్చే వీలుంది. కాని దానివల్ల మీరు చేసుకున్న అమరికలు పోతాయి. కనుక టీచరుకు చెప్పి చేయండి. ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఎక్కించడం మాత్రం అన్నిటికన్నా ఆఖరున. చాలాసార్లు అమరికల ఫైలు అలాగే ఉండిపోతుంది. గంట శ్రమపడి ఎక్కించినా పట్టీ మళ్లీ కుడి అంచునే దర్శనమిస్తుంది!

"తెలుగు పోయింది" అనకండి

తెలుగులో టైపు చేసేవారికి ఇంకో పట్టీ ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో "గౌతమి" అనే తెలుగు ఫాంటుతోపాటు తెలుగు కీబోర్డు కూడా ఉండేది. ఏ భాషలో టైపు చేస్తున్నామో చూపడానికి ఒక చిన్న భాషా పట్టీ తెర మీద తేలేది. అది చేయి తగిలి మూసుకుపోతే "తెలుగు పోయింది" అని కంగారుపడేవారు. పట్టీ పోయిందేగాని తెలుగు ఎక్కడికీ పోదు. ఆల్ట్, షిఫ్టు మీటలు కలిపి నొక్కితే భాష మారేది. ఇప్పటి విండోస్‌లో విండోస్ మీట పట్టి స్పేసు మీట నొక్కితే మారుతుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. బటను అన్నది ఒక ఆజ్ఞకు తలుపు మాత్రమే. తలుపు జరిగితే గది పోదు. ఒక గదికి తలుపులు చాలా ఉంటాయి. అక్షరాన్ని లావుగా చేయాలంటే బటను ఒక దారి. మెనూ మరో దారి. కంట్రోల్ పట్టి "బి" నొక్కడం ఇంకో దారి. "ఎడమ నుంచి మూడో బటను" అని నేర్చుకున్నవారికి ఒక్క దారే తెలుసు. "అక్షరాన్ని లావు చేసే ఆజ్ఞ, దాని పేరు బోల్డ్" అని నేర్చుకున్నవారు ఏ యంత్రం ముందు కూర్చున్నా దారి వెతుక్కుంటారు.

ఇది ఒక పిరియడుతో పోయే సంగతి కాదు. విజయవాడలో పుస్తకాలూ కరపత్రాలూ శుభలేఖలూ తయారుచేసే డీటీపీ పనితో బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామంది ఏళ్ల తరబడి పేజీమేకరు మీద పనిచేశారు. దాని ఆఖరి రూపం 7.0, 2001లో వచ్చింది. ఆ తరువాత కొత్తది రాలేదు. ఇన్‌డిజైన్ వంటి వాటికి మారవలసివచ్చింది. పట్టీలు మారాయి, చోట్లు మారాయి. కాని మార్జిను అంటే ఏమిటి, కాలం అంటే ఏమిటి, పంక్తుల మధ్య ఎడం ఎంత ఉండాలి అన్నవి మారలేదు. ఇవి తెలిసినవారికి కొత్త ప్రోగ్రాములో వెతకవలసింది చోటు ఒక్కటే. చోట్లు మాత్రమే బట్టీ పట్టినవారు అంతా మళ్లీ మొదలుపెట్టవలసిందే. మీరు పెద్దయ్యేసరికి ఇప్పుడున్న పట్టీలు కూడా ఇలాగే ఉండవు. అప్పుడు మీ వెంట వచ్చేది ఏది?

బడులు ఏం చేయాలి?

కొన్నిచోట్ల ఒక ఉపాయం వాడతారు. యంత్రాన్ని ఆపి మళ్లీ వేయగానే అంతా పాత స్థితికి వచ్చే ప్రోగ్రాము పెడతారు. దానివల్ల టీచరుకు శ్రమ తగ్గుతుంది, నిజమే. ఒక్క టీచరు నలభై మందిని చూసుకోవలసినచోట దాన్ని తప్పుపట్టలేం. కాని అదొక్కటే ఉంటే పిల్లలకు తెలిసేది ఒకటే, ఆపి వేస్తే బాగవుతుందని. ఎందుకు జరిగిందో, ఎందుకు బాగయిందో తెలియదు.

నేను కోరేది మూడు పనులు. మొదటిది, తరగతికి ఒక లాగిన్ అయినా విడిగా ఇవ్వాలి. ఒకరు చేసిన మార్పు మరొకరి మెడకు చుట్టుకోదు. రెండోది, పరీక్షలు జరిగే యంత్రాల్లో పట్టీలను లాక్ చేసి ఉంచాలి. పరీక్షలో పిల్లలు బటను వెతుక్కుంటూ మార్కులు పోగొట్టుకోకూడదు. మూడోది, ఒక్క యంత్రాన్ని మాత్రం స్వేచ్ఛగా వదలాలి. దాని మీద పట్టీలను లాగవచ్చు, దాచవచ్చు, తేలించవచ్చు. షరతు ఒక్కటే. చెదరగొట్టినవారే సర్దాలి. సైకిలు గొలుసు ఊడితే వేసుకోవడం రానివాడికి సైకిలు తొక్కడం పూర్తిగా వచ్చిందని అంటామా?

మీరూ ఒక పని చేయండి. రాత పుస్తకంలో ఒక పేజీని నాలుగు గళ్లుగా గీయండి. ఏం కనిపించింది, ఏం అనుమానించాను, ఏ ఒక్కటి మార్చాను, ఏం జరిగింది. పట్టీ జరిగిన ప్రతిసారీ ఒక వరస నింపండి. పది వరసలు నిండేసరికి మీ బడిలో ఏ కారణం ఎక్కువసార్లు వస్తోందో తేలుతుంది. ఆ పేజీని టీచరుకు చూపించండి. "ఎవరు పాడుచేశారు?" అన్న ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఉండదు.